రెండు పన్నెండు, కింద మంచం

దుప్పట్లమ్మకి హోటల్లో పక్క వెయ్యడం నేర్పిన పెద్దావిడ మొదటిరోజే ఒక మాట చెప్పింది. గదిలోకి కొత్తగా వచ్చిన మనిషికి, తనకంటే ముందు ఈ మంచం మీద ఇంకొకరు పడుకున్నారన్న అనుమానం కలలో కూడా రాకూడదు. వెంట్రుక కనిపించకూడదు, వాసన తగలకూడదు, దిండు మీద తల ఆనిన గుంట ఉండకూడదు. అప్పటికి దుప్పట్లమ్మకి పంతొమ్మిదేళ్ళు, పెళ్ళై మూడు నెలలు. ఆ మాటని ఉడుంపట్టు పట్టింది. ఆ తరవాత ఇరవై రెండేళ్ళు ఆ హోటల్లో అరవై నాలుగు గదుల పక్కలూ ఆమె చేతుల మీదుగానే నడిచాయి. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో ఉండిపోయింది. అందరికీ ఆమె దుప్పట్లమ్మే.

మొగుడు అదే హోటల్లో లిఫ్టు నడిపేవాడు. "పద్దెనిమిదేళ్ళు పొద్దస్తమానం ప్రయాణమే చేశాను గాని నాలుగో అంతస్తు దాటి ఎక్కడికీ పోలేదు" అని తన మీద తనే హాస్యమాడుకునే మనిషి. ఊరి పక్కనుంచి కొత్త రోడ్డు పడేసరికి పాతరోడ్డు మీది హోటళ్ళు ఐదూ ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. వీళ్ళది చివరిది. యజమాని తలుపు వేస్తూ ఒక తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, వారానికోసారి కిటికీలు తెరిచి పొమ్మన్నాడు. జీతం భత్యం లేకుండా ఆరేళ్ళు తెరిచింది. నాలుగిళ్ళల్లో అంట్లు తోముకుని బతుకుతూ కూడా, ఎవరైనా ఏం పని చేస్తున్నావని అడిగితే "హోటల్లో" అనే చెప్పేది.

ఏడో ఏడు ఊరవతల బీడులో చమురు పడింది. బోరులో నీళ్ళు పడితేనే పదిమంది మూగుతారు, చమురు పడితే ఇక చెప్పేదేముంది? లారీలు, క్రేన్లు, పైపులు, వాటి వెనకే మనుషులు. కోళ్ళ షెడ్డుకి సున్నం కొట్టి గదులంటూ అద్దెకిచ్చిన మహానుభావులున్నారు. బూజుపట్టిన ఐదు హోటళ్ళకీ ప్రాణం లేచొచ్చింది. అప్పటికి పెద్ద యజమాని పోయాడు, కొడుకు దిగాడు. నడినెత్తిన బట్టతల వచ్చినా ఆయన్ని అందరూ చినబాబు అనే అనేవారు.

రెండు నెలల్లో హోటలు రూపు మారిపోయింది. తివాచీలు పీకి పెరట్లో కుప్ప పోశారు. స్నానాల తొట్లు సుత్తులతో పగలగొట్టి, ఆ చోట రెండేసి కుళాయిలు పెట్టారు. టేకు బీరువాలని రంపానికిచ్చి మంచాలకి పలకలు చేయించారు. నిలువుటద్దాలు విప్పేశారు, అద్దం ఉన్నచోట ఇంకో మంచం పడుతుంది మరి. లిఫ్టు గోతికి ప్లైవుడ్డు కొట్టి చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకునే గది చేశారు. మొగుడా సంగతి విని, తన తరవాత ఆ కొలువు బకెట్లకి దక్కినందుకు సంతోషమే, అవి తనలాగా మోకాళ్ళు నొప్పులని మూలగవు అన్నాడు.

గదికి నాలుగు మంచాలు, కిందొకటి పైనొకటి చొప్పున. మొత్తం రెండువందల యాభై ఆరు. కంపెనీ అడిగింది ఐదువందల మందికి చోటు. చినబాబూ, మేస్త్రీ, కంపెనీ మనిషీ తలలు పట్టుకుని కూర్చున్న గదిలోకి దుప్పట్లమ్మ టీ పట్టుకెళ్ళింది. అప్పటికింకా ఆమెకి ఉద్యోగం ఖాయం కాలేదు. ఆరేళ్ళు కిటికీలు తెరిచింది కదా పోనీలే అని టీలు అందించడానికి పిలిచారు, అంతే. అక్కడ ఆ మాట తన నోటినుంచి ఎందుకొచ్చిందా అని తరవాత ఎన్నిసార్లు అనుకుందో. ఎందుకొచ్చిందో ఆమెకి తెలుసు. తెలివైనదని అనిపించుకోవాలని వచ్చింది.

"పగటి డ్యూటీ వాడి మంచం పగలంతా ఖాళీయే కదండీ," అంది. "వాడు లేచి పోయాక రాత్రి డ్యూటీ వాణ్ణి అందులో పడుకోబెడితే సరి. మధ్యలో పక్కలు సర్దే పూచీ నాది."

ముగ్గురూ ఆమె వంక చూశారు. చినబాబు కప్పు కింద పెట్టి, ఈవిడ ఇన్నాళ్ళూ దుప్పట్లు మడవడమేమిటి, కంపెనీ నడపాల్సిన మనిషి అన్నాడు. ఆ పూటే పన్నెండుమంది ఆడవాళ్ళ మీద ఆమెని పెద్దని చేశాడు. నెల తిరక్కుండా మిగతా నాలుగు హోటళ్ళూ అదే పద్ధతికి దిగాయి. దానికి దుప్పట్లమ్మ పద్ధతి అని పేరు కూడా పడింది. ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంటికెళ్ళి మొగుడికి చెప్తే ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "మరి ఇద్దరిలో ఒకడికి జ్వరమొస్తే?" అన్నాడు. ఓర్వలేక అంటున్నాడనుకుంది.

ఉదయం ఐదున్నరకి బస్సులు పగటివాళ్ళని ఎక్కించుకుపోయేవి. చమురు బావుల దగ్గర ఒక తలుపులోంచి వీళ్ళు దిగుతుంటే, రెండో తలుపులోంచి రాత్రివాళ్ళు ఎక్కేవారు. ఏడింటికి వాళ్ళు వచ్చి ఇవే మంచాల మీద వాలిపోయేవారు. సాయంత్రం మళ్ళీ ఇదే తిరగలి. మధ్యలో ఉన్న గంటన్నరలో అన్ని పక్కలూ సర్దాలి. ఒకే మంచం వాడుకునే ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ బస్సు తలుపుల దగ్గరే. సెలవన్నది లేదు.

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. పాత హోటల్లో దుప్పట్లమ్మ ఏ తలుపైనా మూడుసార్లు తట్టి, మనసులో పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు తాళంచెవి తిప్పేది. ఆ రోజుల్లో వచ్చేవాళ్ళు గెస్టుగార్లు. ఇప్పుడు వచ్చినవాళ్ళు ఆమె నోట చమురోళ్ళు. తట్టడం మానేసింది. తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ తలుపు తోసుకుపోయేది. లోపల ఎవడైనా తువ్వాలుతో నిలబడి ఉంటే వాడే గోడకి అతుక్కునేవాడు. బూట్ల మట్టిని తిట్టేది, బూట్లేసుకున్నవాణ్ణీ తిట్టేది. తిడుతూనే దుప్పటి అంచు మాత్రం జానెడు వెడల్పున మడిచి, ముడత లేకుండా పరుపు కిందికి దోపేది. చేతులు మరిచిపోని మర్యాదని నోరు మరిచిపోయింది.

రెండువందల పన్నెండో గదిలో, కిటికీ పక్క కింద మంచం. దాని పగటి డ్యూటీ మనిషి వెల్డరు. యాభై రెండేళ్ళు, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు, అందరికీ మామ. రాత్రి డ్యూటీ మనిషి క్రేను దగ్గర జెండా ఊపేవాడు; కనపడ్డ కాగితమల్లా చదువుతాడని పంతులు అని పేరుపెట్టారు. వీళ్ళిద్దరి మధ్యా ఏం నడుస్తోందో దుప్పట్లమ్మకి అప్పటికి తెలీదు. మనం ముందే చెప్పుకుంటే నష్టం లేదు.

మామకి చదువు రాదు. ముప్పై ఏళ్ళు ఇనుముని అతికించి బతికాడు, ఎవరూ అడగలేదు. కంపెనీ ఇప్పుడొక హుకుం తెచ్చింది. గ్యాసు దగ్గర పనిచేసేవాళ్ళంతా హెచ్చరిక బోర్డులు చదివి, ఐదు ప్రశ్నలకి కాగితం మీద జవాబు రాయాలి. మూడు నెలలు గడువు. రాయలేనివాడు ఇంటికి పోవాల్సిందే. ఆ వయసులో, మసకబారుతున్న కళ్ళతో, ఇంకో చోట తనకి పని దొరకదని మామకి తెలుసు. ఒకరోజు బస్సు తలుపు దగ్గర పంతులు చెవిలో ఈ సంగతి వేసి, మూడోకంటికి తెలియనివ్వనని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

అప్పటినుంచి పంతులు రోజూ డ్యూటీకి పోయేముందు ఒక కాగితం మీద రెండు చిన్నమాటలు పెద్దగా రాసి దిండు గలీబులో పెట్టేవాడు. మామ వచ్చి వాటి కిందే నాలుగుసార్లు దిద్ది, పొద్దున్నే మళ్ళీ గలీబులో పెట్టి పోయేవాడు. నిప్పు. గాలి. ఆగు. పక్కకి పో. పంతులు ఆ దిద్దుబాటు చూసి, సరిగ్గా ఉంటే పరుపు వెనక పలక సందులో దాచి, కొత్త కాగితం రాసేవాడు. గలీబులు మార్చేది వారానికి ఒక్కరోజే కనక, ఆ రోజు కాగితాన్ని జేబులో పెట్టుకునేవారు. నలభై రోజులు ఆ బడి దిండులో నడిచింది.

అప్పుడు ఫిర్యాదుల డబ్బాలో ఒక చీటీ పడింది. సంతకం లేదు. నాలుగో అంతస్తులో నల్లులున్నాయట. దుప్పట్లమ్మకి తల కొట్టేసినట్టయింది. చినబాబు నవ్వి చీటీ ఆమె చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది. మర్నాటినుంచి డ్యూటీ మారినప్పుడల్లా అన్ని అంతస్తుల్లోనూ గలీబులు ఊడదీసి, మూటగట్టి, మరిగే నీళ్ళలో వెయ్యమంది. అంత చెయ్యమని ఎవరూ అడగలేదు. చేసే ఆడవాళ్ళు సణిగారు. ఒకడి తల వాసన ఇంకొకడికి తగలకూడదంటే తగలకూడదు, అంతే. గలీబులు రోజూ మారుతున్నాయని మంచాలవాళ్ళకి ఎవరూ చెప్పలేదు; కాగితం కనపడకపోతే పంతులు రాయలేదని మామ, మామ దిద్దలేదని పంతులు అనుకున్నారు.

పదిరోజులకి బాయిలరు దగ్గర పనిచేసేవాడొచ్చి, గలీబులకి కాగితం గుజ్జు అంటుకుని చస్తోంది, మిగతా బట్టలకి కూడా పాకుతోంది అన్నాడు. చూస్తే రోజూ ఒకటే గలీబు. మూలన సిరాతో నంబరు స్పష్టంగా ఉంది. చీమిడి తుడుచుకున్న కాగితాలనుకుంది. ఇంకోలా అనుకోవడానికి ఆమె బుర్రలో చోటులేదు.

మర్నాడు తెల్లవారుతూనే బస్సు కోసం అరవైమంది వరసకట్టిన చోటికి, ఆ గలీబుని రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకుని వచ్చింది.

"రెండు పన్నెండు, కింద మంచం. ఎవరయ్యా?"

మామ ముందుకొచ్చాడు.

"చీమిడి కాగితాలు దాచుకోడానికి నా దిండే దొరికిందా నీకు? వయసొచ్చింది గాని ఇంగితం రాలేదు. నీ మంచం పంచుకునేవాడే వచ్చి నా దగ్గర మొత్తుకున్నాడు, నీ కంపు భరించలేకపోతున్నానని."

ఆ చివరిమాట పచ్చి అబద్ధం. పంతులు ఆమెతో ఎన్నడూ పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. తిట్టుకి పదును రావాలని అప్పటికప్పుడు కల్పించింది. వరసలో నవ్వులు లేచాయి. మామ ఒక్కమాట చెబితే అంతా తేలిపోయేది. కానీ ఆ ఒక్కమాట, తనకి అక్షరాలు రావని అరవైమంది ముందు ఒప్పుకోవడం. ఆయన గలీబు వంక చూశాడు. ఆమె వంక చూడలేదు. "ఇక పెట్టనమ్మా" అని బస్సెక్కేశాడు.

ఆ సాయంత్రం ఆమె ఈ ముచ్చట మొగుడికి అభినయించి మరీ చెప్పింది. ఆయన నవ్వలేదని కూడా గమనించలేదు.

గడువు నాటికి పరీక్ష పెట్టారు. పదకొండుమంది తప్పారు. పదకొండుమందినీ పెట్టెలతో సహా ఒకే బస్సులో ఎక్కించి పంపేశారు. అందులో మామ ఉన్నాడని దుప్పట్లమ్మకి తెలిసింది గాని, పట్టించుకోలేదు. ఖాళీ అయిన మంచాన్ని పూర్తిగా దులపాలి, అది పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. ఆ పని ఆమె ఎవరికీ వదలదు. రెండువందల పన్నెండులో పంతులు స్నానానికి పోయిన సమయం చూసి, కింద మంచం పరుపు ఎత్తి, పలకని గోడకి దూరంగా జరిపింది. సందులోంచి కాగితాలు జారిపడ్డాయి.

చెత్తబుట్టలో వెయ్యబోయి ఆగింది. పైన గుండ్రటి దస్తూరీ, కింద వణుకుతున్న దస్తూరీ. మొదటి కాగితాల్లో కింది అక్షరాలు గాలికి కొట్టుకుపోతున్నట్టున్నాయి. పోనుపోను నిలదొక్కుకున్నాయి. నిప్పు వద్దు. దారి ఇటు. ఒక కాగితంలో, ఎవరూ రాసివ్వకుండా, అడుగున తనంతట తనే రాసుకున్నాడు: నా పేరు రాశా. దాని పక్కన వంకరగా పేరు. ఇన్నాళ్ళూ ఆ మనిషికి మామ కాక ఇంకో పేరుంటుందని ఆమె అనుకోనే లేదు. అన్నిటికంటే పైన ఉన్నది కొత్త కాగితం, దాని కింద దిద్దుబాటు లేదు. గలీబులో పెట్టినవి చేరడం లేదని కాబోలు, పంతులు దీన్ని సందులోనే ఉంచాడు. రెండే మాటలు. మామా, కోపమా?

దుప్పట్లమ్మ ఆ ఉత్త పలక మీద కూర్చుంది. గలీబుకి అంటుకున్న గుజ్జు ఏమిటో అర్థమైంది. బస్సు దగ్గర తానన్న మాట, అక్షరం పొల్లుపోకుండా, తన గొంతుతోనే వినపడింది. కాగితాలు చీరచెంగులో చుట్టుకుని, పక్క వేసి, అంచు జానెడు మడిచి బయటికొచ్చింది.

నాలుగురోజులు ఎవరికీ చెప్పలేదు. ఒకసారి తన తప్పేముందని కూడా వాదించుకుంది: దిండులో కాగితాలు పెట్టమని ఎవరన్నారు, నల్లుల చీటీ ఎవడు వెయ్యమన్నాడు, చదువురాకపోతే రాదని చెప్పొచ్చుగా. వాదనలు బాగానే ఉన్నాయి, అన్నమే దిగడం లేదు. ఐదోరోజు మొగుడు, ఇదేమన్నా ఉపవాసమా, ముందే చెబితే నా కంచమన్నా పెద్దది చేసుకుందును కదా అన్నాడు. ఆ మాటకి భళ్ళున ఏడ్చి అంతా చెప్పింది. ఆ అబద్ధం సంగతి కూడా. ఆయన మోకాలు రుద్దుకున్నాడు.

"నాకు చెప్పుకుంటే నీ బరువు దిగుతుంది," అన్నాడు. "వాళ్ళది దిగదు కదే."

ఆ సాయంత్రం ఐదింటికి, రాత్రివాళ్ళు లేచే వేళకి, రెండువందల పన్నెండు ముందు నిలబడింది. గుత్తి చప్పుడు కాకుండా పిడికిట్లో బిగించి, తలుపు మూడుసార్లు తట్టింది. పది లెక్కపెట్టింది. ఆ గదుల్లో చమురోళ్ళు దిగాక ఆమె తలుపు తట్టడం అదే మొదలు. లోపలివాళ్ళు ఎవరో తెలియక కంగారుపడి తలుపు తీశారు.

పంతులు వరండాలోకి వచ్చాడు. ఆమె చెంగు విప్పి కాగితాలు చేతికిచ్చి, జరిగింది చెప్పింది. అతను అడ్డుపడకుండా విన్నాడు. విన్నాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బస్సు తలుపు దగ్గర మొహం తిప్పుకునేవాడమ్మా," అన్నాడు. "ఎందుకో నాకు తెలీలేదు. వెళ్ళిపోయేరోజు కూడా కిటికీ పక్కనే కూర్చుని ఇటు చూడలేదు. ఇప్పుడు తెలిసింది."

తిడతాడేమోనని ఆమె కాసేపు నిలబడింది. అతను తిట్టలేదు. ఆ పరీక్ష మూడు నెలలకోసారి పెడతారని, ప్యాసైనవాణ్ణి మళ్ళీ తీసుకుంటారని చెప్పి, కానీ ఇక మామ ఎవరి మాట నమ్మి కాగితం పట్టుకుంటాడని అడిగాడు. నేను ఉత్తరం రాస్తానంది ఆమె. అడ్రసు అతని దగ్గరుంది.

మర్నాడు నిండు పేజీ రాసి తెచ్చింది. పాత హోటలు పద్ధతులు, నల్లుల చీటీ, బాయిలరు, తన పరువు, తన పెంపకం, అన్నీ వివరంగా ఉన్నాయి. పంతులు చివరిదాకా చదివి తిరిగి ఇచ్చాడు.

"ఇంత చదవలేడమ్మా. పక్కింటివాళ్ళ చేత చదివించుకుంటే, చదువు రాదన్న సంగతి అక్కడా బయటపడుతుంది. చిన్నమాటల్లో రాయండి. మూడు వరసలు చాలు."

దుప్పట్లమ్మ మెట్లమీద కూర్చుని మళ్ళీ రాయబోయింది. నల్లుల గొడవ మూడు వరసల్లో ఇమడలేదు. పెద్దావిడ నేర్పిన మాట ఇమడలేదు. ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే, తనని కాస్త మంచిదానిగా చూపించేదల్లా పోయింది. చివరికి మిగిలింది ఇది. పెద్దగా, విడివిడిగా రాసింది.

మామా, కాగితాలు పారేసింది నేను.
పంతులు నిన్ను ఏమీ అనలేదు.
అబద్ధం ఆడింది నేను.

కింద తన పేరు రాసింది, హాజరు పుస్తకంలో ఉన్నది. రాశాక, ఈ పేరుతో మామకి తనెవరో తెలీదని తోచి, పక్కన దుప్పట్లమ్మ అని చేర్చింది. పోస్టు డబ్బాలో వేసి వచ్చాక ఒళ్ళు తేలికపడుతుందనుకుంది. పడలేదు.

పద్దెనిమిది రోజులకి జవాబు వచ్చింది. కవరు మీద ఆమె పేరే ఉంది, ప్రతి అక్షరం ఎవరో నిలబెట్టి కాపలా కాసినట్టుగా ఉంది. బాయిలరు గది వెనక్కి పోయి, చేతులు తుడుచుకుని విప్పింది. కొత్త కాగితం కాదు. తను పంపినదే తిరిగొచ్చింది. ఆమె రాసిన ఒక్కొక్క వరస కిందా, పాఠం కింద దిద్దినట్టే, నాలుగేసిసార్లు వణుకుతున్న దస్తూరీతో దిద్ది ఉంది. కాగితాలు పారేసింది నేను. కాగితాలు పారేసింది నేను. అబద్ధం ఆడింది నేను, అబద్ధం ఆడింది నేను, అబద్ధం ఆడింది నేను. నాలుగోసారికి అక్షరాలు తిన్నగా కుదిరాయి.

ఆమెకి ఒక్కమాట కూడా లేదు, మంచిగాని చెడుగాని. మళ్ళీ మళ్ళీ తిప్పి చూసింది. అడుగున మూలకి ఒక వరస మాత్రం ఉంది, అది ఆమెకి కాదు.

పంతులూ, ఇంకో కాగితం పంపు.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితాన్ని తీసుకెళ్ళి, తట్టి, పంతులు ఇంకా డ్యూటీనుంచి రాకపోయేసరికి రెండు పన్నెండు కింద మంచం దిండు గలీబులో పెట్టింది. గలీబులు ఊడదీస్తూ వెనకే వస్తున్న అమ్మాయికి, ఈ మంచం జోలికి నువ్వు రాకు, నేను చూసుకుంటానని చెప్పింది. కాసేపాగి, మిగతా గలీబుల్లో కూడా ముందు చెయ్యి పెట్టి చూడమని చెప్పింది.